చెప్పని ఎత్తుకు ఎక్కాను: నా అనుభవం

“సే ఆల్టిట్యూడ్.”

హెడ్‌సెట్‌లో నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ నా విమానం నంబర్ పిలిచి ఈ రెండు మాటలే అన్నాడు. ఎంత ఎత్తులో ఉన్నావో చెప్పమని. మామూలుగా అయితే ఇది అడగాల్సిన పని ఉండదు. మన విమానంలోని ట్రాన్స్‌పాండర్ ఎత్తును ఎప్పటికప్పుడు పంపుతూనే ఉంటుంది, వాళ్ళ రాడార్ తెర మీద ఆ అంకె కనిపిస్తూనే ఉంటుంది. అయినా అడిగారంటే అక్కడ కనిపిస్తున్నది ఉండాల్సిన అంకె కాదని అర్థం.

ముందున్న స్క్రీన్ చూశాను. 3,480 అడుగులు. నాకు ఇచ్చిన ఎత్తు 3,000. విమానం ఇంకా ఎక్కుతూనే ఉంది. గుండె ఝల్లుమంది. బయట నాలుగు వైపులా తెల్లటి మబ్బు, రెక్క చివర కూడా మసకగా ఉంది. పక్క సీట్లో నా భార్య.

విమానం నడపడం నా ఉద్యోగం కాదు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఆరేళ్ళ క్రితం ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది. ఇంకో రెండేళ్ళకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా తెచ్చుకున్నాను. అది ఉంటేనే మబ్బుల్లోకి వెళ్ళడానికి అనుమతి. ఇప్పటికి నాలుగు వందల గంటలు దాటాయి. ఫ్లయింగ్ క్లబ్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని వారాంతాల్లో ఎగురుతుంటాం. ఆ శనివారం హ్యూస్టన్ పక్కన పియర్‌ల్యాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడికి బయలుదేరాం. కారులో వెళ్తే సగం రోజు దారిలోనే పోతుంది. విమానంలో రెండు గంటల పైచిలుకు.

ఏం జరిగిందో వరసగా చెప్పాలి. ఎందుకంటే నాలాగా చిన్న విమానాలు నడిపే మనవాళ్ళు టెక్సాస్‌లో, న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఈ తప్పు వాళ్ళలో ఎవరి చేతైనా జరగొచ్చు. జరిగాక ఏం చేయాలో ఆ రోజు నాకూ తెలియదు.

బయలుదేరే ముందు ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఇచ్చే అనుమతిని క్లియరెన్స్ అంటారు. అందులో ఎత్తు గురించి రెండు అంకెలు ఉన్నాయి. ముందు 3,000 అడుగులకు ఎక్కి అక్కడే ఉండాలి. టేకాఫ్ అయిన పది నిమిషాలకు 7,000 రావచ్చు, “ఎక్స్‌పెక్ట్” చేయండి. ఈ రెండో అంకె అనుమతి కాదు. దారిలో రేడియో పాడైపోయి ఎవరితోనూ మాట్లాడలేని పరిస్థితి వస్తే, పైలట్ ఆ తర్వాత ఏ ఎత్తుకు వెళ్ళాలో పైలట్‌కూ కంట్రోలర్‌కూ ముందే తెలిసి ఉండాలని చెప్పే అంకె అది. రేడియో బాగున్నంత సేపు కంట్రోలర్ నోటితో “7,000కు ఎక్కు” అనే దాకా ఆ అంకె మనది కాదు. ఇది పరీక్షలో రాశాను, ఓరల్‌లో అడిగితే చెప్పాను. అయినా ఆ ఉదయం ఆ ఏడు వేలు నా బుర్రలో కూర్చుంది. అదే రూట్లో అంతకు ముందు నాలుగైదు సార్లు వెళ్ళాను. ప్రతిసారీ 3,000 దగ్గరికి చేరుతుండగానే 7,000 ఇచ్చేశారు.

రన్‌వే వదిలాక సుమారు 1,800 అడుగుల దగ్గర మబ్బులోకి వెళ్ళిపోయాం. ఆటోపైలట్ పెట్టాను. ఆ విమానంలో గార్మిన్ కంపెనీ స్క్రీన్లు, వాటితో పనిచేసే ఆటోపైలట్ ఉంటాయి. ఎత్తు కోసం ఒక నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పి 3,000 అని పెడితే విమానం ఎక్కుతూ ఎక్కుతూ, ఆ ఎత్తుకు కాస్త ముందు నుంచే ముక్కు దించుకుంటూ మెల్లగా సర్దుకుని ఆగుతుంది. అలా సర్దుకోవడం మొదలైనప్పుడు స్క్రీన్ పైభాగంలో ఏఎల్‌టీఎస్ అని ఆకుపచ్చ అక్షరాలు వస్తాయి. ఇంకో 50 అడుగులే మిగిలాక అది ఏఎల్‌టీ అని మారుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కొన్ని సెకన్లే నన్ను పట్టుకున్నాయి.

2,900 దగ్గర ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే కంట్రోలర్ నా నంబర్ పిలిచాడు. ఏడు వేలు ఇవ్వబోతున్నాడని అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, చెయ్యి దానంతట అది నాబ్ మీదికి వెళ్ళి తిప్పేసింది. 7,000. కానీ అతను చెప్పింది ఎత్తు గురించి కానే కాదు. రూట్ మార్చాడు, కొత్త పాయింట్ పేరు ఇచ్చాడు. నేను రాసుకున్నాను, తిరిగి చదివాను, తల దించుకుని ఆ పేరు ఒక్కొక్క అక్షరం కంప్యూటర్‌లో పెడుతున్నాను. తిప్పిన నాబ్ సంగతి మరిచిపోయాను.

ఆ ఆటోపైలట్‌కు ఒక గుణం ఉంది. అది ఒక ఎత్తు దగ్గర సర్దుకుంటున్న ఆ కొన్ని సెకన్లలో మనం నాబ్ తిప్పితే, ఆ ఎత్తును వదిలేస్తుంది. అప్పుడు ముక్కు ఏ కోణంలో ఉంటే ఆ కోణంలోనే పట్టుకుని, కొత్త అంకె వచ్చేదాకా పోతూ ఉంటుంది. పైన అక్షరాలు పీఐటీ అని మారతాయి. హెచ్చరిక ఏదీ మోగదు. మామూలుగా పెట్టుకున్న ఎత్తు నుంచి 200 అడుగులు జరిగితే టోన్ వస్తుంది. కానీ ఇప్పుడు యంత్రం దృష్టిలో పెట్టుకున్న ఎత్తు ఏడు వేలు. దాని లెక్కలో నేను చెప్పిన పని బుద్ధిగా చేస్తోంది. ఈ విషయం మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంది. నేను ఒకప్పుడు చదివిందే.

నిమిషం పైన గడిచింది. అప్పుడే “సే ఆల్టిట్యూడ్.”

ఆటోపైలట్ తీసేసి ముక్కు కిందికి నొక్కాను. “3,500, దిగుతున్నాను” అని చెప్పాను. గొంతు వణకడం నాకే వినిపించింది. కంట్రోలర్ నాకు జవాబు ఇవ్వకుండా ముందు ఇంకొకరిని పిలిచాడు. ఒక బిజినెస్ జెట్. వెంటనే ఎడమకు తిరగమన్నాడు. “ఇమ్మీడియట్లీ” అన్నాడు. ఆ మాట వాళ్ళు ఊరికే వాడరు. తర్వాత నాతో, మూడు వేలకు దిగి అక్కడే ఉండమన్నాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. ఆ జెట్ 4,000 అడుగుల్లో ఉంది. నేను దిగడం మొదలుపెట్టే ముందు 3,600 దాకా వెళ్ళాను. మా రెండింటి మధ్య ఉండాల్సింది పైకీ కిందికీ వెయ్యి అడుగులు, లేదా పక్కకు మూడు మైళ్ళు. నిలువున 400 అడుగులు మిగిలాయి. పక్కకు రెండు మైళ్ళు ఉందని తర్వాత తెలిసింది.

కొన్ని నిమిషాలకు 7,000 ఇచ్చారు. ఈసారి అంకె విన్నాక ఒకసారి, తిప్పాక ఒకసారి, ఎక్కేటప్పుడు మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మబ్బు దాటి పైకి వచ్చాం. పైన ఎండ. ఆ కంట్రోలర్ నన్ను పక్క సెక్టార్‌కు పంపే ముందు ఇంకొక మాట చెప్పాడు. “పాసిబుల్ పైలట్ డీవియేషన్. ఒక ఫోన్ నంబర్ ఇస్తాను, రాసుకోవడానికి రెడీ అయితే చెప్పండి.”

ఇక్కడి పైలట్లందరూ భయపడే మాట ఇది. దీన్ని బ్రాషర్ నోటీస్ అంటారు. పాత కేసు ఒకదానిలోని పైలట్ పేరు మీద వచ్చింది. నీ వల్ల తప్పు జరిగి ఉండొచ్చు, దాని మీద విచారణ ఉండొచ్చు అని అప్పటికప్పుడే చెప్పడం దీని ఉద్దేశం. జ్ఞాపకం తాజాగా ఉండగానే జరిగింది రాసి పెట్టుకునే అవకాశం పైలట్‌కు ఇవ్వాలన్న మాట. నంబర్ రాసుకున్నాను. పది అంకెలు రాయడానికి పెన్ను చేతిలో నిలవలేదు.

మిగిలిన గంటన్నర ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. పియర్‌ల్యాండ్‌లో దిగి, ఇంజన్ ఆపి, హెడ్‌సెట్లు తీశాక నా భార్య నెమ్మదిగా అడిగింది.

“నీకు వాళ్ళు మూడు వేలే కదా చెప్పింది?”

“అవును.”

“మూడు వేల రెండు వందలు దాటినప్పుడు చూశాను. నీకు తెలిసే చేస్తున్నావనుకున్నా. నువ్వు ఏదో టైప్ చేస్తుంటే మధ్యలో కదిలించొద్దని ఊరుకున్నా.”

ఇప్పటికీ ఈ మాట తలుచుకుంటే కళ్ళు చెమర్చుతాయి. విమానంలో ఒక మనిషికి సరైన అంకె తెలుసు. ఆమె ముందు కూడా అదే స్క్రీన్ ఉంది. నోరు తెరవకపోవడానికి కారణం నా మీద ఉన్న నమ్మకం. ప్రతిసారీ ఎక్కే ముందు సీటు బెల్టు ఎలా తీయాలో, తలుపు ఎలా తెరవాలో చెబుతాను. “ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పు” అని మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. పైగా టేకాఫ్ అప్పుడు మాట్లాడొద్దని చెప్పేవాణ్ణి.

గుడికి వెళ్ళే ముందు, ఎయిర్‌పోర్ట్ బయట బెంచీ మీద కూర్చుని ఒక అన్నకు ఫోన్ చేశాను. నిజామాబాద్ వైపు మనిషి, ఇక్కడ ఎయిర్‌లైన్‌లో కెప్టెన్. నేను మొదటిసారి సోలో చేసినప్పుడు, అంటే ఒంటరిగా విమానం నడిపినప్పుడు, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం చొక్కా వెనక ముక్క కత్తిరించింది ఆయనే.

“అన్నా, లైసెన్స్ పోతదా?”

“తమ్మీ, ముందు నీళ్ళు తాగు. ఎవరికీ ఏం కాలేదు కదా? అది చాలు ఇప్పటికి. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్. ఆ నంబర్‌కు ఇంకా ఫోన్ చెయ్యకు. కాగితం తీసి జరిగింది జరిగినట్టు రాసి పెట్టు, టైముతో సహా. రాత్రికి నాసా రిపోర్ట్ పెట్టు. తర్వాత లాయర్‌తో మాట్లాడి అప్పుడు ఫోన్ చెయ్.”

నాసా అంటే రాకెట్ల నాసానే. ఏవియేషన్ సేఫ్టీ రిపోర్టింగ్ సిస్టమ్ అని వాళ్ళు 1976 నుంచి ఒకటి నడుపుతున్నారు. పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్‌లు ఎవరైనా తమ తప్పును తామే రాసి పంపొచ్చు. ఇదెందుకు వచ్చిందో ఆ రాత్రి హోటల్ గదిలో చదివాను. చదివాక ఆ ఫారం నింపడం మీద నాకున్న సంకోచం పోయింది.

1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 అనే బోయింగ్ 727 వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో దిగడానికి వస్తోంది. కంట్రోలర్ “అప్రోచ్‌కు క్లియర్” అన్నాడు, అంటే దిగే దారి పట్టొచ్చని. ఆ మాట అన్నాడంటే 1,800 అడుగులకు దిగిపోవచ్చని కాక్‌పిట్‌లో వాళ్ళు అర్థం చేసుకున్నారు. దారిలో కొండ ఉంది కాబట్టి అప్పుడే అంత దిగకూడదు. ఆ చోట ఎంత ఎత్తులో ఉండాలన్న దాని మీద పైలట్ల అర్థం వేరు, కంట్రోలర్ల అర్థం వేరు. విమానం వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. మనసును పిండేసే విషయం ఇంకొకటి ఉంది. దానికి సుమారు ఆరు వారాల ముందు ఇంకో ఎయిర్‌లైన్ పైలట్లు ఇదే చోట ఇదే పొరపాటు పడి, కొద్దిలో బయటపడ్డారు. వాళ్ళ కంపెనీ తన పైలట్లకు ఆ సంగతి చెప్పి జాగ్రత్తపడింది. టీడబ్ల్యూఏ పైలట్ల దాకా ఆ కబురు రాలేదు. ఒకరికి తప్పిన గండం ఇంకొకరికి తెలిసే దారి లేదు. ఆ దారి కోసమే ఈ రిపోర్టులు పుట్టాయి. ఇక్కడ విమానాలకు నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ చేతిలో ఉంచితే శిక్ష భయంతో ఎవరూ నిజం రాయరని, మధ్యలో నాసాను పెట్టారు.

రిపోర్ట్ పెట్టిన వాళ్ళ పేరు, గుర్తులు నాసా తీసేస్తుంది. ఆ రిపోర్టును పైలట్ మీద చర్యకు ఎఫ్‌ఏఏ వాడుకోకూడదు, ప్రమాదం జరిగినవీ నేరానికి సంబంధించినవీ తప్ప. ఇంకో మేలు కూడా ఉంది. పది రోజుల లోపల పంపితే, జరిగింది కావాలని చేసింది కాకపోతే, గత ఐదేళ్ళలో మన మీద ఉల్లంఘన ఏదీ రుజువు కాకపోతే, తప్పు జరిగిందని తేలినా జరిమానా గానీ లైసెన్స్ సస్పెన్షన్ గానీ వేయరు. తప్పు మాఫీ కాదు, శిక్ష మాఫీ అవుతుంది.

నేను ఆ రాత్రి రెండు గంటలు కూర్చుని రాశాను. మొదటిసారి రాసినప్పుడు “ఆటోపైలట్ ఎత్తును పట్టుకోలేదు” అని రాశాను. చదువుకుంటే సిగ్గేసింది. అది నిజం కాదు. చెరిపేసి, “నాకు ఇవ్వని ఎత్తును నేను ముందుగానే పెట్టాను” అని రాశాను. ఆ వాక్యం రాశాకే జరిగిందేమిటో నాకు పూర్తిగా అర్థమైంది.

సోమవారం లాయర్‌తో మాట్లాడాను. ఇక్కడి పైలట్ల సంఘం ఏఓపీఏలో కొంత డబ్బు కడితే లాయర్ సలహా దొరుకుతుంది, అది ముందే తీసుకుని ఉన్నాను. ఫోన్ చేయడం నా ఇష్టమని, చేస్తే మర్యాదగా, ఉన్నది ఉన్నట్టు, అడిగిన మేరకే చెప్పమని ఆయన అన్నాడు. గ్రీన్ కార్డ్ దరఖాస్తు నడుస్తోంది, దానికేమైనా అవుతుందా అని అడిగాను. ఆయన ఒక క్షణం ఆగి, ఇది నేరం కాదు, ముందు నిద్రపో అన్నాడు.

ఆ నంబర్‌కు చేస్తే కంట్రోలర్ల సూపర్‌వైజర్ మాట్లాడింది. పెద్దావిడ గొంతు. పేరు, లైసెన్స్ నంబర్ తీసుకుంది. ఏం జరిగిందని అడిగింది. రెండు నిమిషాల్లో చెప్పాను. “అక్కడ మిమ్మల్ని 3,000 దగ్గర ఎందుకు ఆపాల్సి వచ్చిందో మీకు తెలియదు కదా, మీ పైన ఆ జెట్ ఉంది కాబట్టే” అంది. ఇలాంటివి జరిగితే వాళ్ళు తప్పనిసరిగా రిపోర్ట్ చేయాలని, తర్వాత ఎఫ్‌ఏఏ ఇన్‌స్పెక్టర్ పిలవొచ్చని చెప్పింది. నేను ఆ కంట్రోలర్‌కు థ్యాంక్స్ చెప్పమన్నాను. చెబుతానంది.

తర్వాత మూడు వారాలు ఏ కబురూ లేదు. అన్నింటికన్నా కష్టమైన రోజులు అవే. ఆఫీసులో తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే టెన్షన్. రాత్రి నిద్ర పట్టేది కాదు. పట్టని నిద్రలో నాకు గుర్తొచ్చింది మా ఊరు.

మాది జగిత్యాల పక్కన ఒక పల్లె. అప్పటికి కరీంనగర్ జిల్లా. ఇంటికో మనిషి గల్ఫ్‌లో ఉండేవాడు. మా నాన్న సౌదీలో దమ్మామ్‌లో పని చేసేవాడు. 1996లో దసరాకు వచ్చి వెళ్ళాడు. నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రి మీద రెండు విమానాలు ఢీకొన్నాయి. ఒకటి ఢిల్లీ నుంచి సౌదీకి, దమ్మామ్ పక్కనే ఉన్న దహ్రాన్‌కు బయలుదేరిన సౌదియా 747. రెండోది కజకిస్తాన్ నుంచి ఢిల్లీకి వస్తున్న ఇల్యూషిన్. 349 మంది చనిపోయారు, ఒక్కరు కూడా బతకలేదు. నాకు ఎనిమిదేళ్ళు. నాన్న అప్పటికే అక్కడికి చేరి ఉంటాడని, పైగా ఆయన బొంబాయి మీదుగా వెళ్ళాడని అమ్మకు తెలుసు. అయినా మరుసటి రోజు పొద్దున్నే నన్ను చెయ్యి పట్టుకుని ఎస్టీడీ బూత్‌కు లాక్కెళ్ళింది. అక్కడ అప్పటికే ఆడవాళ్ళు లైన్లో ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు.

పెద్దయ్యాక ఆ ప్రమాదం గురించి చదివాను. సౌదీ విమానానికి ఇచ్చిన ఎత్తు 14,000 అడుగులు. దిగుతున్న కజక్ విమానానికి ఇచ్చింది 15,000. మధ్యలో వెయ్యి అడుగులు. కజక్ విమానం తనకు ఇచ్చిన ఎత్తు దగ్గర ఆగలేదు, ఇంకా కిందికి దిగిపోయింది. రేడియోలో కంట్రోలర్‌తో మాట్లాడే మనిషి వేరు, నడిపే మనిషి వేరు. మాట్లాడే మనిషి ముందు ఎత్తు చూపే మీటర్ కూడా లేదు. అప్పట్లో ఢిల్లీ కంట్రోలర్ తెర మీద విమానం ఎక్కడ ఉందో కనిపించేది గానీ ఎంత ఎత్తులో ఉందో కనిపించేది కాదు. పైలట్ చెప్పిన అంకెనే నమ్మాలి. ఆ తర్వాతే విమానాలు ఒకదానికొకటి దగ్గరైతే పైలట్లను హెచ్చరించే టీకాస్ పరికరం మన దేశంలో తప్పనిసరి చేశారు.

అంత పెద్ద ప్రమాదంతో నా తప్పును పోల్చడం సరికాదని తెలుసు. కానీ ఆ వెయ్యి అడుగులు అవే వెయ్యి అడుగులు. ఆ జెట్‌లో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. వాళ్ళ ఇళ్ళలోనూ అమ్మలు ఉంటారు. నా కంట్రోలర్ తెర మీద నా ఎత్తు కనిపించింది కాబట్టి అతను “సే ఆల్టిట్యూడ్” అనగలిగాడు. ఆ తెర ఊరికే రాలేదు.

నాలుగో వారంలో ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. ముందుగా ఒక కాగితం ఈమెయిల్‌లో పంపాడు. 2012లో వచ్చిన పైలట్స్ బిల్ ఆఫ్ రైట్స్ చట్టం ప్రకారం నేను జవాబు చెప్పి తీరాలని లేదు, చెబితే అది నా మీద వాడొచ్చు అని అందులో ఉంది. చదివి మళ్ళీ భయమేసింది. లాయర్ విడమరిచి చెప్పాడు. 2015 నుంచి ఎఫ్‌ఏఏ దారి మారింది. కావాలని చేయని తప్పులకు, నిజం ఒప్పుకుని సరిదిద్దుకోవడానికి సిద్ధంగా ఉన్న పైలట్లకు శిక్ష బదులు “కంప్లయన్స్ యాక్షన్” అని శిక్షణ, కౌన్సెలింగ్ ఇస్తున్నారు. అది ఉల్లంఘన జరిగిందన్న తీర్పు కిందికి రాదు. కానీ దాచిపెట్టే వాళ్ళకు అది దొరకదు. నేను మాట్లాడతానన్నాను.

వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడాడు. వాతావరణం, ఎన్ని గంటలు నిద్రపోయాను, ఆ విమానంలో ఎంత అనుభవం, అన్నీ అడిగాడు. నేను చెబుతుంటే మధ్యలో ఆపి ఒకటే ప్రశ్న రెండు మూడు రకాలుగా అడిగాడు. “ఆ నాబ్ ఎందుకు తిప్పారు?” ఏడు వేలు వస్తుందనుకున్నాను అన్నాను. “ఎందుకనుకున్నారు?” ప్రతిసారీ వచ్చేది కాబట్టి అన్నాను. ఆయన కాసేపు రాసుకుని, ఆటోపైలట్ గుణం గురించి మీకు తెలియకపోవడం చిన్న విషయం, నేర్పేస్తాం, ఆ అలవాటు మాత్రం మీరే మార్చుకోవాలి అన్నాడు. రెండు గంటలు గ్రౌండ్ (నేల మీద పాఠం), రెండు గంటలు ఫ్లయింగ్, ఒక ఇన్‌స్ట్రక్టర్‌తో చేసి వాళ్ళ సంతకం పంపమన్నాడు.

ఆ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకున్నది నాకు రేటింగ్ పరీక్షకు నేర్చుకున్న దానికన్నా ఎక్కువ. మబ్బు లేని రోజున నన్ను తీసుకెళ్ళి, అదే తప్పు కావాలని చేయించింది. ఎక్కుతూ ఉండగా ఏఎల్‌టీఎస్ అక్షరాలు రాగానే నాబ్ తిప్పమంది. తిప్పాను. అక్షరాలు పీఐటీ అని మారాయి. ఏ శబ్దమూ లేదు. విమానం ఎత్తును దాటుకుంటూ వెళ్ళిపోయింది. “మళ్ళీ” అంది. ఐదుసార్లు చేయించింది. ఐదోసారికి ఆ అక్షరాలు మారడం నాకు కంటి చివర నుంచి కూడా తెలిసిపోయింది.

తర్వాత ఆమె పద్ధతి నేర్పింది. అంకె చెవితో విన్న తర్వాతే చెయ్యి నాబ్ మీదికి వెళ్ళాలి. తిప్పాక, స్క్రీన్ మీద ఉన్న అంకెను చూస్తూ కంట్రోలర్‌కు తిరిగి చదవాలి, జ్ఞాపకం నుంచి కాదు. వేలుతో ఆ అంకెను చూపించాలి. ఇంకా వెయ్యి అడుగులు ఉందనగా పైకి చెప్పుకోవాలి. అక్కడి నుంచి విమానం ఆ ఎత్తులో సర్దుకుని ఏఎల్‌టీ అని కనిపించేదాకా ఇంకే పనీ ముట్టుకోకూడదు. రూట్ మారితే “స్టాండ్‌బై” అని కంట్రోలర్‌కే చెప్పొచ్చు. ఆ మాట అనే హక్కు నాకుందని నాకు ఎప్పుడూ తోచలేదు. మన దగ్గర పెద్దవాళ్ళు పిలిస్తే చేతిలో ఉన్నది వదిలి పరిగెత్తడమే నేర్పారు. కంట్రోలర్ పిలిస్తే కూడా నేను అలాగే పరిగెత్తేవాణ్ణి. ఆమె నా చేత ఆ ఒక్క మాట పదిసార్లు పైకి అనిపించింది.

ఆమె ఇంకొకటి అడిగింది. “మీ పక్కన ఎవరు కూర్చుంటారు?” నా భార్య అన్నాను. “ఆమెను కూడా తీసుకురండి.” చివరి గంట నా భార్య వెనక సీట్లో కూర్చుంది. కంట్రోలర్ ఇచ్చిన ప్రతి అంకెనూ ఆమె ఒక కాగితం మీద రాయాలి, మేం దాటితే గట్టిగా చెప్పాలి. ఇన్‌స్ట్రక్టర్ నాకు తెలియకుండా ఒకసారి కావాలనే నా దృష్టి మళ్ళించింది. నేను గమనించేలోపే వెనక నుంచి తెలుగులో వినిపించింది, “నాలుగు వేల అయిదు వందలే చెప్పారు!” ఇన్‌స్ట్రక్టర్‌కు భాష అర్థం కాకపోయినా పని జరిగిందని అర్థమైంది.

నాసా నుంచి నా పేరున్న చిన్న కాగితపు ముక్క, తేదీ ముద్రతో పోస్టులో వచ్చింది. రిపోర్ట్ ఇచ్చినట్టు నా దగ్గర ఉండే రుజువు అదొక్కటే, వాళ్ళ దగ్గర నా పేరు ఇక ఉండదు. ఆ ముక్కను లాగ్‌బుక్‌లో ఆ ఫ్లయిట్ రాసిన పేజీకి అతికించాను. ఇంకో నెలకు ఇన్‌స్పెక్టర్ నుంచి ఉత్తరం వచ్చింది. శిక్షణ పూర్తయింది, ఈ విషయం ముగిసింది అని నాలుగు వాక్యాలు. మొత్తం రెండున్నర నెలలు పట్టింది. నాన్నకు ఫోన్ చేసి అప్పుడు చెప్పాను, అంతదాకా చెప్పలేదు. ఆయన అంతా విని, “ఆ రెండో విమానం వాళ్ళకు చెప్పినవా బిడ్డా?” అని అడిగాడు. వాళ్ళెవరో నాకు తెలియదు నాన్నా అన్నాను. చాలాసేపు ఇద్దరం ఫోన్ పట్టుకుని ఉన్నాం.

పోయిన నెల మళ్ళీ పియర్‌ల్యాండ్ వెళ్ళాం. అదే ఎయిర్‌పోర్ట్, మళ్ళీ మబ్బు, మళ్ళీ 3,000, పది నిమిషాలకు 7,000 ఎక్స్‌పెక్ట్. నా భార్య మోకాలి మీద చిన్న పుస్తకం పెట్టుకుని 3 వేసి పక్కన మూడు సున్నాలు చుట్టింది. రెండు వేలు దాటగానే, “ఇంకా వెయ్యి” అన్నాను. 2,900 దగ్గర కంట్రోలర్ నా నంబర్ పిలిచాడు. చెయ్యి కదలబోయి ఆగింది. వేరే ఫ్రీక్వెన్సీకి మారమన్నాడు. “స్టాండ్‌బై” అన్నాను.

“మూడు వేలు,” అంది ఆమె, వేలు స్క్రీన్ మీద పెట్టి.

అక్షరాలు ఏఎల్‌టీ అని మారాయి. అప్పుడు ఫ్రీక్వెన్సీ మార్చాను.